అయ్యగారి బండి, అవ్వ బరువు

ఇంట్లో మోటార్‌సైకిల్ ఉన్న ప్రతి మగవాడూ సగం మెకానిక్కేనని మా మేడ్చల్ వైపు జనం గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడైతే బండి కాస్త మొరాయించగానే ఫోన్ చేస్తాం. ఎవరో వచ్చి తీసుకుపోతారు, సాయంత్రానికి కడిగి తుడిచి తెచ్చి అప్పగిస్తారు. లోపల ఏం చేశారో మనం అడగం, వాళ్లు చెప్పరు. తొంభైల చివర్లో మాత్రం సెలవు రోజు పొద్దున ఏ వాకిట్లో చూసినా ఒక బండి పొట్ట విప్పుకొని నిలబడి ఉండేది. దాని చుట్టూ చిరిగిన బనియన్లు వేసుకున్న పెద్దమనుషులు గొంతుక్కూర్చొని ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దుతూనో, చైన్‌ను కిరసనాయిలుతో పళ్లు తోముతున్నట్టు తోముతూనో కనిపించేవాళ్లు. (తోమడానికి వాడేది నిజంగానే పళ్ల బ్రష్షు. అది ఎవరిదో మర్నాడు పొద్దున తేలేది. ఆ తర్వాత ఇంట్లో కాసేపు గొడవ జరిగేది.) విప్పినవన్నీ మళ్లీ బిగించాక ఒకటో రెండో నట్లు మిగిలిపోతే, "గవి కంపెనోడు ఉత్తగనే పెట్టిండు" అని జేబులో వేసుకొని లేచేవాళ్లు.

మా ఇంట్లో ఈ జబ్బు మా చిన్నాయినకు బాగా ముదిరింది. చిన్నాయిన అంటే బాబాయి, మా బాపు తమ్ముడు. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య మా ఊరి మీదుగా జనాన్ని కుక్కి జీపు నడిపేవాడు. మనిషి చాలా మంచివాడు. సాయం అడిగితే కాదనడు. ఇబ్బందల్లా, అడగకపోయినా చేస్తాడు. ఏ వస్తువైనా ఆయన వింటుండగా కాస్త శబ్దం చేసిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. ఒకసారి మా టేబుల్ ఫ్యాన్ కిర్రుమంటోందని విప్పి మళ్లీ బిగించాడు. కిర్రుమనడం ఆగింది కానీ, అప్పటినుంచి అది గాలిని మనుషుల వైపు కాకుండా గోడ వైపు విసరడం మొదలుపెట్టింది. (తమ్ముడు నొచ్చుకుంటాడని బాపు దాన్ని అలాగే వాడుకున్నాడు. ఆ ఎండాకాలమంతా ఫ్యాన్‌కూ గోడకూ మధ్య మంచం వేసుకొని పడుకున్నాడు.)

నా సంగతి కూడా చెప్పాలి. అప్పుడే డిప్లొమా ముగించి మేడ్చల్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఒక కంపెనీలో, మెయింటెనెన్స్ సెక్షన్‌లో ట్రైనీగా చేరాను. ట్రైనీ అంటే అక్కడి పెద్దాయన మిషన్ కింద దూరి చెయ్యి చాపినప్పుడు పానా అందించడం, "గిది గాదయ్యా, గాయింత పెద్దది" అంటే అది తీసుకొని ఇంకోటి అందించడం. మా అమ్మ మాత్రం ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, "మా పిలగాడు లేకుంటె కంపెనీ నడ్వది" అని అందరికీ చెప్పేది. నేను ఎంత మొత్తుకున్నా వినేది కాదు. కొన్నాళ్లకు మొత్తుకోవడం మానేశాను. నిజం చెప్పాలంటే, వినడానికి బాగానే ఉండేది.

ఇక అయ్యగారు. అంటే మా చర్చి పాస్టరుగారు. ఊరిలో క్రైస్తవులైనా కాకపోయినా అందరూ ఆయన్ను అయ్యగారు అనే పిలిచేవాళ్లు. ఎక్కడో కోస్తా నుంచి వచ్చిన సన్నని, నెమ్మదైన మనిషి. ఎప్పుడూ మల్లెపువ్వులాంటి తెల్ల బట్టలు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతారు తప్ప గొంతు పెంచరు. చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగాలి కదా అని సంఘమంతా కలిసి ఆయనకొక పాత మోటార్‌సైకిల్ కొనిచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన ముగించుకొని, ఆ బండెక్కబోతూ, ఏదో మాటవరసకన్నట్టు ఆయన అన్నారు: "ఈ మధ్య ముందు చక్రంలోంచి గరగరమని ఒక శబ్దం వస్తోంది నాయనా."

ఆ మాట మా చిన్నాయిన ముందు అనకూడదు. పాపం, ఆయనకేం తెలుసు?

చిన్నాయిన కళ్లలో దీపాలు వెలిగాయి. వెంటనే వంగి చక్రం దగ్గర చెవి పెట్టాడు. బండి ఆగి ఉన్నా ఆయనకు శబ్దం వినబడింది. "అయ్యగారు, గిది బేరింగు. ఇంకో ముచ్చటనే లేదు, బేరింగే. బండి గీడనే ఇడ్సిపెట్టుండ్రి. రేపు పొద్దుగాల కొత్త బండి లెక్క జేసిస్తం."

అయ్యగారు తడబడ్డారు. "రేపు మధ్యాహ్నం శామీర్‌పేట అవతల పెండ్లి జరిపించాలి నాయనా. సోమవారం నేనే మెకానిక్ దగ్గరికి..."

"మెకానికా!" చిన్నాయిన ఛాతీ మీద ఎవరో గుద్దినట్టు వెనక్కి జరిగాడు. "ఇంట్ల మేమిద్దరం ఉండంగ మెకానిక్ ఎందుకయ్యగారు? గీడు కంపెనీల గంతగంత మిషన్లు బాగుజేస్తడు, గీ బండెంత?" అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను నోరు తెరిచేలోపే గడపలో నిలబడ్డ అమ్మ గర్వంగా తల ఊపేసింది. అయ్యగారు నా వైపు చూశారు. ఆ చూపులో నమ్మకం లేదు, మర్యాద ఉంది. తాళంచెవి చిన్నాయిన చేతిలో పెట్టి, బైబిల్ చంకలో పెట్టుకొని, నడుచుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే చిన్నాయిన జీపులోంచి జాకీ దించుతుండటం చూసి బాపు టిఫిన్ కూడా తినకుండా, "నాకు కొంపల్లిల పనుంది" అని వెళ్లిపోయాడు. (ఏం పని అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.) అమ్మ పెండ్లింట్లో వంట దగ్గర సాయానికని సంఘంలోని ఆడవాళ్లతో కలిసి పొద్దుటి బస్సుకే బయల్దేరింది. ఇంట్లో మిగిలింది చిన్నాయిన, ఆ రోజు కంపెనీకి సెలవు కావడంతో నేను, అరుగు మీద అనపకాయలు ఒలుస్తున్న మా అవ్వ, అంటే బాపు తల్లి.

మొదటి ఘట్టం బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించడం. ఈ కాలపు బండ్లకు చాలావాటికి అది ఉండటం లేదు కాబట్టి చెబుతున్నాను: బండి నడుము కింద రెండు కాళ్ల ఇనప స్టాండ్ ఒకటుంటుంది. దాని పక్కన పొడుచుకొచ్చిన చిన్న కడ్డీని కాలితో తొక్కి నేలకు ఆనించి, అదే క్షణంలో వెనక సీటు దగ్గరి పట్టీని పైకీ వెనక్కీ గుంజితే బండి మొత్తం లేచి ఆ రెండు కాళ్ల మీద నిలబడుతుంది. తెలిసినవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ చేసేస్తారు. అయ్యగారి బండికి ఆ తొక్కే కడ్డీ సగం విరిగిపోయి బొటనవేలంత మొండి ముక్క మిగిలింది. స్టాండు కాళ్లలో ఒకటి వంకర. నేను తొక్కాను, గుంజాను. చెప్పు జారింది. బండి వెనక్కి జరిగింది తప్ప పైకి లేవలేదు. మళ్లీ తొక్కాను. ఈసారి బండి పక్కకు ఒరిగి నా మీదికి వచ్చింది. దాన్ని నడుముతో ఆపి, పళ్లు బిగించి నిలబడ్డాను.

"బలం గాదురా, ట్రిక్కు!" అన్నాడు చిన్నాయిన, చాయ్ తాగుతూ. "కాలు, చెయ్యి ఒక్కపారే పన్జెయ్యాలె. నీది కాలు ముందు వోతాంది, చెయ్యి ఎన్క వస్తాంది."

"అయితె నువ్వు రా చిన్నాయినా."

"నేను చెప్తున్న గదా, నువ్వు నేర్సుకోవద్దా?"

నేర్చుకున్నాను. పిక్కల మీద చర్మం లేచిపోయేదాకా నేర్చుకున్నాను. చివరికి ఆయన చాయ్ అయిపోయి, వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు కాబట్టి బండి లేచింది. లేవగానే, "చూసినవా, ట్రిక్కు!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అయితే సెంటర్ స్టాండ్ మీద నిలబడితే గాల్లో ఉండేది వెనక చక్రం. మనకు కావలసింది ముందుది. దానికే జాకీ. ఇంజన్ కింద జాకీ పెట్టి తిప్పితే ముందు భాగం లేస్తుందని చిన్నాయిన లెక్క. లెక్క తప్పేం కాదు. కానీ అది జీపును లేపే జాకీ. దాన్ని పూర్తిగా కిందికి దించినా ఇంజన్ కింద పట్టేంత సందు లేదు. అంటే జాకీ పెట్టాలంటే ముందు బండి లేపాలి. బండి లేపాలంటే జాకీ పెట్టాలి. ఈ సంగతి నేను చిన్నాయినకు వివరంగా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అందుకే నువ్వు లేపు, నేను పెడ్త" అన్నాడు.

హ్యాండిల్ పట్టుకొని లేపాను. ఆయన జాకీ దూర్చాడు. తిప్పబోతే కడ్డీ తిరగడానికి సైలెన్సర్ గొట్టం అడ్డమొచ్చింది. దించాం. రెండో వైపు నుంచి దూర్చాడు. ఈసారి తిరిగింది, బండి ముందు భాగం కొంచెం కొంచెంగా లేచింది కూడా. నాకు ఆశ పుట్టింది. కానీ మా వాకిలి మట్టిది. అవ్వ పొద్దున్నే కల్లాపి చల్లి మెత్తగా చేసిపెట్టింది. బండి లేవాల్సింది పోయి జాకీ భూమిలోకి దిగడం మొదలుపెట్టింది. తర్వాత ఒక పక్కకు వాలింది. తర్వాత అది ఎగిరి ఒకవైపు, బండి ఇంకోవైపు పడ్డాయి. బండి పడ్డది సరిగ్గా అవ్వ నీళ్ల గోలెం మీద. గోలేనికేం కాలేదు. బండి అద్దం మాత్రం ముక్కలైంది.

"అయ్యగారి అద్దం!" అన్నాను.

"ఆయన ఎప్పుడన్న ఎన్కకు చూసిండా? అద్దం ముచ్చట ఇడువు, అసలు పని చూడు."

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. "చిన్నాయినా, అరుగు మీద వడ్ల బస్తా ఉన్నది గదా. ఇద్దరం బండి ముందర లేపి, ఇంజన్ కింద బస్తా దొబ్బుదాం. మెత్తగ కూసుంటది, జారది."

చిన్నాయిన నన్ను చాలా జాలిగా చూశాడు. "గిదేనా మీ కంపెనీల నేర్పిచ్చేది? బండి కింద బస్తాలు పెడ్తరారా ఎవలన్న?" అని, తల పట్టుకొని వాకిలంతా ఒక చుట్టు చూశాడు. ఆ చూపు నెమ్మదిగా తిరిగి తిరిగి అరుగు మీద ఆగింది. బస్తా మీద కాదు. బస్తాకు ఆనుకొని కూర్చున్న అవ్వ మీద.

మా అవ్వ నిండైన మనిషి. ఆమె కూర్చుంటే మా ఇంటి నులక మంచం నేలను తాకేది. చిన్నాయిన ఆలోచన ఇది: స్టాండ్ మీద ఉన్న బండికి వెనక సీటు మీద బరువు పెడితే వెనక చక్రం కిందికి, ముందు చక్రం పైకి పోతాయి. బరువు కదలనంతసేపూ ముందు భాగం గాల్లోనే ఉంటుంది. జాకీతో పనే లేదు.

"అమ్మా, జర గీ బండెక్కి కూసో," అన్నాడు.

అవ్వ చేతిలో అనపకాయ ఆగిపోయింది. "నన్నేంది రా బండెక్కిస్తవు? నాకు బస్సెక్కాలంటెనే గుండె దడదడ అంటది."

"గిది ఎటు వోదు. ముందటి చక్రమే ఊడదీస్తున్నం."

"చక్రం లేని బండి మీద నేనెందుకు కూసుంట? ఊరోళ్లు నవ్వరా?"

"అయ్యగారి బండే అమ్మా. దేవుని పని."

దేవుని పని అనేసరికి అవ్వ అనపకాయను చాటలో పడేసి లేచింది. పడ్డ బండిని మళ్లీ లేపి, మళ్లీ స్టాండ్ ఎక్కించి (ట్రిక్కు నాదే, పిక్కలూ నావే), అవ్వను చెరో రెక్కా పట్టుకొని పీట మీదుగా సీటు మీదికి చేర్చాం. ఆమె ఒక్కవైపు కాళ్లు వేసి కూర్చోగానే వెనక చక్రం ధబ్బున నేలకు ఆనింది, ముందు చక్రం ఎగిరింది. "యేసయ్యా!" అని అవ్వ పెట్టిన కేకకు గోడ మీది కాకులు లేచిపోయాయి. కానీ బండి నిలబడింది. స్టాండ్ కాలు వంకర కాబట్టి పక్కకు ఒరగకుండా నేను హ్యాండిల్ పట్టుకున్నాను. చిన్నాయిన చకచకా నట్టు విప్పాడు, ఇరుసు కడ్డీ లాగాడు, చక్రం బయటికొచ్చింది. బేరింగులో వేలు పెట్టి తిప్పి, "చూడు, మొత్తం అరిగిపాయె. నేను చెప్పలే?" అన్నాడు. చక్రాన్ని ఎత్తి జీపులో పడేసుకున్నాడు. "మేడ్చల్ వోయి కొత్తయి ఏపిచ్చుకొని అద్దగంటల వస్త. నువ్వు హ్యాండిల్ ఇడువకు. అమ్మా, నువ్వు కదలకు."

"చిన్నాయినా, గిట్ల మమ్ముల..." అన్నాను. దుమ్ము తప్ప వినేవాళ్లు లేరు.

మొదట్లో అవ్వకు బాగానే ఉంది. ఎత్తులో కూర్చుంది కాబట్టి ప్రహరీ మీదుగా వీధంతా కనిపిస్తోంది. అనపకాయల చాట ఒళ్లో పెట్టమంది, పెట్టాను. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. "ఏందవ్వా, బండి నేర్సుకుంటున్నవా?" అని ఒకరు. "ఔ బిడ్డా, లగ్గానికి వోతున్న, ఎక్కుతవా?" అని అవ్వ. వాళ్లు నవ్వుతారు, ఆమె నవ్వుతుంది. నేను మాత్రం ముందు చక్రం లేని బండి కొమ్ములు పట్టుకొని, ఎద్దును ఆపుతున్నవాడిలా వంగి నిలబడి ఉన్నాను. నా ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి చెయ్యి లేదు.

అరగంట అయింది. గంటైంది. సెల్‌ఫోన్లు ఇంకా మా దాకా రాలేదు. మేడ్చల్‌లో రైలు గేటు పడిందేమో అనుకున్నాను. బేరింగు దొరకలేదేమో అనుకున్నాను. (అసలు సంగతి జీపు కనిపించాక తెలిసింది. మేడ్చల్‌లో పని తొందరగానే అయిపోయింది. జీపు చూడగానే జనం ఎప్పట్లా ఎక్కేశారు. ఎక్కినవాళ్లను దిగమనడం చిన్నాయినకు చేతకాదు. నేరుగా మా ఇంటి ముందు నుంచే, ఆగకుండా, చెయ్యి ఊపుకుంటూ శామీర్‌పేట దాకా పోయి వాళ్లను దించాడు. అక్కడ మేడ్చల్ జనం ఎక్కారు. జీపు మా గేటు ముందు నుంచి రెండోసారి వెళ్లినప్పుడు, నేను అరిచిన అరుపుకు గొంతు మూడు రోజులు బొంగురుపోయింది.)

ఈలోగా అవ్వ నవ్వు తగ్గింది. "నడుము వట్టింది రా" అంది. తర్వాత "కాళ్లు తిమ్మిరెక్కినయి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "బిడ్డా, నాకు జర ఎన్క దిక్కు వోవాలె," అంది.

"ఇంకొంచెం సేపు ఓర్సుకో అవ్వా."

"గది ఓర్సుకునేది గాదు రా."

ఆమె దిగితే బండి ముందుకు బోర్లా పడుతుంది. నేను వెనక కూర్చుంటే హ్యాండిల్ పట్టేవాళ్లు లేరు, బండి పక్కకు పడుతుంది. కంపెనీలో చేరినప్పుడు రాసిన పరీక్షలో బరువుల మీద ఒక లెక్కకు జవాబు సరిగ్గా రాసి మెప్పు పొందినవాణ్ని. ఈ లెక్కకు జవాబు దొరకలేదు. అప్పుడే గేటు చప్పుడైంది. ఇస్త్రీ చేసిన తెల్ల బట్టల్లో, పెండ్లి కోసం తీసిన కొత్త బైబిల్ చేతిలో పట్టుకొని, అయ్యగారు లోపలికి వచ్చారు.

ఆయన ముందు నన్ను చూశారు. తర్వాత చక్రం ఉండవలసిన చోటు చూశారు. తర్వాత సీటు మీది అవ్వను, ఆమె ఒళ్లోని అనపకాయల చాటను చూశారు. "బండి... సిద్ధమేనా నాయనా?" అన్నారు చాలా మెల్లగా.

నేను చెప్పబోయేలోపే అవ్వ చేతులు జోడించింది. "వందనాలయ్యగారు! దేవుడే తోలిండు మిమ్ముల. జర గీడ కూసోండ్రి, నేను గిట్ల వోయి గిట్లొస్త."

ఆయన స్థానంలో వేరే ఎవరున్నా కారణం అడిగేవాళ్లు. అయ్యగారు అడగలేదు. బైబిల్ అరుగు మీద పెట్టి, పంచె కొంచెం ఎత్తి, పీటెక్కి అవ్వ వెనక కూర్చున్నారు. అవ్వ నా భుజం ఆసరాతో దిగింది. దిగగానే బండి ముందు భాగం నెమ్మదిగా వంగడం మొదలుపెట్టింది. అయ్యగారు బక్కపలుచని మనిషని చెప్పాను కదా. "అయ్యగారు, జర ఎన్కకు వాలుండ్రి," అన్నాను. వాలారు. "ఇంకా జర." ఇంకా వాలారు. ఆఖరికి ఆయన వెనక పట్టీని రెండు చేతులా పట్టుకొని ఆకాశం వైపు చూస్తూ ఉండగా బండి సరితూగింది. అట్లా ఉండి, "అవ్వగారు ఎప్పుడొస్తారు?" అని అడిగారు.

"వచ్చేస్తది అయ్యగారు, ఒక్క నిమిషం."

రాలేదు. ఇంటి వెనక నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. "అవ్వా!" అని బొంగురు గొంతుతోనే పిలిచాను. లోపలి నుంచి నింపాదిగా జవాబొచ్చింది: "లగ్గానికి టైమైతాంది గదరా! పనిల పని తానం గూడ జేసి, చీర గట్టుకొని వస్త. అయ్యగారున్నరు గదా!"

నేను అయ్యగారి మొహంలోకి చూడలేదు. చూడాలంటే ఆయన ఆకాశంలోంచి కిందికి దిగాలి. ఓరకంట చూస్తే ఆయన కళ్లు మూసుకొని ఉన్నారు. ప్రార్థన చేసుకుంటున్నారో, ఓర్చుకుంటున్నారో నాకు తెలియదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. కొంతసేపటికి, "ఆ శబ్దంతో నాకు పెద్దగా ఇబ్బంది ఏమీ లేదు నాయనా," అన్నారు.

గేటు ముందు ఆటో ఒకటి ఆగి, బుర్రమీసాల పెద్దమనిషిని దించి వెళ్లిపోయింది. పెండ్లికూతురు మేనమామ. అయ్యగారు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ మా చర్చికి పోతే, ఎవరో మా ఇల్లు చూపించారట. గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయాడు. వాకిట్లో ముందు చక్రం లేని బండి. దాని వెనక సీటు మీద, పెండ్లి జరిపించాల్సిన పాస్టరుగారు, సగం పడుకొని. ముందు, మోచేతుల దాకా గ్రీజుతో నేను.

"అయ్యగారు, వందనాలు," అన్నాడు, అనుమానంగా. "పిల్ల, పిలగాడు గాడ మా ఊరి చర్చిల ఎప్పటిసంది కూసున్నరు. మీరేమొ గీడ బండి మీద..."

"వస్తున్నాను నాయనా," అన్నారు అయ్యగారు కళ్లు తెరవకుండా. "ప్రస్తుతానికి దిగే వీలు లేదు."

మేనమామ నా వైపు తిరిగి ఏదో అనబోయాడు. ఏం అనేవాడో నాకు బాగానే అర్థమైంది. అదృష్టం కొద్దీ అప్పుడే జీపు వచ్చింది, నిండా జనంతో. చిన్నాయిన చక్రం భుజాన వేసుకొని, పాట పాడుకుంటూ దిగాడు. మేనమామ మొహం చూసి పాట ఆపాడు. ఒక్క క్షణం అందరినీ పరికించి చూశాడు. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నారు? అరుగు దగ్గరికి పోయి, వడ్ల బస్తాను దొర్లించుకుంటూ తెచ్చి, ఇంజన్ కింద తోశాడు. "ఇగ దిగుండ్రి అయ్యగారు." నేను వీపుకు చెయ్యి ఆసరా ఇస్తే అయ్యగారు దిగారు. బండి మెత్తగా బస్తా మీద వాలి, అంగుళం కదలకుండా నిలబడింది. చిన్నాయిన చేతులు దులుపుకున్నాడు.

"గింతే ముచ్చట. గీ బస్తా పొద్దుగాలనే పెడ్తే అయిపోతుండె. ఎవ్వనికి ఆలోచన లేకపాయె," అన్నాడు, నా వైపు చూస్తూ.

ఆ మాట పొద్దున అన్నది నేనేనని అరవబోయాను. అరవడానికి గొంతు లేదు. ఉన్న గొంతంతా జీపు వెనకాల పోయింది.

అందరం జీపెక్కాం. శామీర్‌పేట పోవాల్సిన జనం, అయ్యగారు, మేనమామ, పట్టుచీర కట్టుకొని పౌడరు పూసుకొని తయారైన అవ్వ. నాకు లోపల చోటు లేక వెనక ఇనప మెట్టు మీద వేలాడాను. అయ్యగారు దిగేటప్పుడు నేను ఆసరా ఇచ్చాను కదా, ఆయన తెల్ల చొక్కా వీపు మీద నా అయిదు వేళ్లూ నల్లగా అచ్చుపడ్డాయి. దారి పొడుగునా నాకు అదే కనిపిస్తోంది. చెబుదామా వద్దా అనుకుంటుండగానే కరీంనగర్ రోడ్డు ఎక్కాం, చర్చి వచ్చేసింది, అయ్యగారు గబగబా లోపలికి నడిచారు. జనమంతా ఆ వీపును చూసి, పాస్టరుగారిని ఎవరో గట్టిగా తోసుకొచ్చారని అనుకున్నారు. అదీ నిజమే.

పెండ్లి ఆలస్యమైనా బాగానే జరిగింది. అయ్యగారు కొత్త దంపతులకు నాలుగు మంచి మాటలు చెబుతూ, మామూలుగా చెప్పేవి కాకుండా ఇలా అన్నారు: "సంసారంలో ఒకరు ముందు పట్టుకొని నిలబడితే, రెండోవారు వెనక బరువై కూర్చోవాలి. ఒకరు ముందుకు ఒరుగుతున్నప్పుడు రెండోవారు మధ్యలో దిగి స్నానానికి పోకూడదు." పెండ్లికొచ్చినవాళ్లెవరికీ ఆ మాట అర్థం కాలేదు. మా బెంచీ మీద అమ్మ కూడా అయోమయంగా చూసింది. అవ్వ మాత్రం అందరికంటే గట్టిగా "ఆమెన్!" అంది.

భోజనాలయ్యాక ఇంటికొచ్చి, పొద్దు వాలకముందే చక్రం బిగించాం. అవ్వ ఈసారి పిలవకముందే పీట తెచ్చుకొని నిలబడింది. అవసరం లేదంటే కొంచెం చిన్నబుచ్చుకుంది. ఇరుసు దూర్చాం, నట్టు బిగించాం, బస్తా లాగేశాం. ఆశ్చర్యం, ఒక్క నట్టు కూడా మిగల్లేదు. చిన్నాయిన తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఒక్క చుట్టు వేసి, అయ్యగారికి ఇచ్చిరా," అన్నాడు. నేను బండెక్కాను. మనసులో నేను కోరుకున్నదేమిటంటే, గరగరమనాలి. ఇంకా గట్టిగా గరగరమనాలి. అప్పుడు తిరిగొచ్చి, పొద్దున్నుంచి దాచుకున్న మాటలన్నీ చిన్నాయిన మొహాన అనేయాలి.

గరగరమనలేదు. వీధి దాటాను, వేగం పెంచాను, చెవి కిందికి వంచి మరీ విన్నాను. చక్రం నూనె రాసినట్టు తిరుగుతోంది. అయ్యగారి ఇంటి మలుపు వచ్చింది. నేను తిరగలేదు. ఎందుకు తిరగలేదో తెలియదు. తిన్నగా శామీర్‌పేట చెరువు దాకా పోయాను. గాలి మొహానికి కొడుతోంది. పిక్కలు మండుతున్నాయి, అరచేతులు పొక్కిపోయాయి, ఉన్న ఒక్క మంచి ప్యాంటుకు గ్రీజు మరక. చిన్నాయిన ఇక జన్మంతా "ఆ బేరింగు నేనే పట్టిన" అని చెప్పుకుంటాడని, ఆయన చెప్పేది నిజమే అవుతుందని, దానికి నేనేమీ చేయలేనని తెలిసి ఒళ్లు మండిపోతోంది. అయినా చేతులు మాత్రం యాక్సిలరేటర్‌ను వదలడం లేదు. అప్పటిదాకా పానాలు అందించడమే తప్ప, నా చేతులతో బిగించిన వస్తువు ఏదీ ఈ లోకంలో తిరగలేదు. ఇది తిరుగుతోంది, నన్ను మోసుకొని.

ఆ తర్వాత నేను చాలా పెద్ద మిషన్లే చూశాను. నా కింద మనుషులు పనిచేశారు, నాకు పానాలు అందించారు. వాటిలో ఏది మొదటిసారి తిరిగినప్పుడూ నేను చెరువు కట్ట దాకా పరుగెత్తలేదు. ఇప్పుడా దారిలో కారులో పోతుంటే, ఎదురుగా బండి మీద బిగించిన పళ్లతో, చిట్లించిన మొహంతో, చెవుల దాకా నల్లబడి వస్తున్న ఆ ట్రైనీ కుర్రాడు నాకు అప్పుడప్పుడు కనిపిస్తాడు. పాపం, తనకు చచ్చేంత కోపంగా ఉందనే అనుకుంటున్నాడు. చూస్తే తెలుస్తుంది, వాడు నవ్వుతున్నాడు.